బార్జ్ మీద ఒక్క తెలుగు మాట

వాన రోజు కరెంటు పోతే మా అపార్ట్‌మెంటు జనరేటర్ మొదలవుతుంది. దాని పొగ తడిసిన మట్టి వాసనతో కలిసి నాలుగో అంతస్తులో ఉన్న మా వంటింటి కిటికీ దాకా ఎక్కి వస్తుంది. పక్కింటావిడ విసుక్కుంటూ కిటికీ మూసేసుకుంటుంది. నేను మూయను. డీజిలు, బురద, తడి ఇనుము, ఈ మూడూ కలిసిన గాలి నాకు తాపీ నది మీద తిరిగిన బార్జ్‌ది. ఇప్పుడు నేనుండేది సూరత్ బయట కామ్‌రేజ్ దిక్కు, హైవే పక్కన. సముద్రపు గాలి ఇక్కడిదాకా రాదు. అయినా ఆ వాసన తగలగానే ముందు ప్రాణం లేచి వస్తుంది, ఆ వెంటనే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సిగ్గు ముంచుకొస్తుంది. ఆ సిగ్గు ఎందుకో ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఈ మధ్య ఆ బార్జ్‌ను తలుచుకునేవాళ్ల గుంపు ఒకటి ఫోన్‌లో తయారైంది. రిటైరైన గుజరాతీ పెద్దమనుషులు, పాత టెంపో డ్రైవర్లు, ఒకరిద్దరు ఇంజను పిచ్చివాళ్లు, అంతా కలిసి అరవై మంది ఉంటారు. దాని హారన్ రెండుసార్లు మోగేదా మూడుసార్లు మోగేదా అని వారం రోజులు కొట్లాడుకోగలరు. మా రేవుకు రాకముందు అది ఇసుక మోసిందని ఒకరంటారు, కాదు, ఏదో ఓడరేవులో బొగ్గు మోసిందని ఇంకొకరు. ఎన్నిసార్లు రంగు మారింది, ఏ ఏడాది ఇంజను మార్చారు, తలుపులెత్తే గొలుసులు ఎక్కడివి, అన్నీ తవ్వి తీస్తారు. ఒకాయన ఆ గొలుసు తిరిగే పళ్లచక్రాన్ని తుక్కు దుకాణంలో కొనుక్కొచ్చి పూజగదిలో పెట్టుకున్నాడు, రోజూ దానికీ ఒక పువ్వు పెడతాడట. ఈ పిచ్చివాళ్లంటే నాకు ఇష్టం. అందరి జ్ఞాపకాలూ కలిపి చిన్న పుస్తకం వేస్తామంటే నేనూ రాస్తానని అందరికంటే ముందు ఒప్పుకున్నాను.

ఆ బార్జ్‌ను చూడనివాళ్లకు చెప్పాలంటే అది చదునైన ఇనుప పడవ. ముందొక తలుపు, వెనకొక తలుపు. రేవుకు ఆనించి తలుపు దించితే బండ్లు దాని మీదుగా పైకెక్కేవి, అవతలి ఒడ్డున రెండో తలుపు దించితే అటునుంచి దిగిపోయేవి. రెండు మెటాడోర్ వ్యాన్లు, ఒక జీపు, పదిపదిహేను స్కూటర్లు, వాటి సందుల్లో మనుషులు, పాల క్యాన్లు, ఒక్కోసారి మేకలు. నది సముద్రంలో కలిసే చోటు కనక నీళ్లు ఎక్కుతూ దిగుతూ ఉండేవి. నీళ్లెక్కే వేళను అక్కడివాళ్లు భర్తీ అంటారు, భర్తీ ఉంటేనే బార్జ్ కదిలేది. కోస్తా ఊళ్లలో ఇలాంటిదాన్ని బల్లకట్టు అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. మా తెలంగాణ వాళ్లు మాత్రం బండ్ల నావ అనేవాళ్లు.

మేముండేది సూరత్‌లోని లింబాయత్‌లో, ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాల్సినంత సందులో. బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. అవ్వ, అంటే మా దిక్కు అమ్మే, ఇంట్లో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించేది. మా ఇంట్లో అన్నంలో దారం రాని రోజు లేదు. నేనూ సందులోని పిల్లలూ దారం చుట్టే ఖాళీ కండెలతో ఇళ్లు కట్టి, కండెలతోనే వంట చేసి, కండెలనే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ చేసి ఆడుకునేవాళ్లం. పొద్దస్తమానం సాంచాల చప్పుడు. ఆ చప్పుడులో పనిచేసే మగవాళ్లు ఇంటికొచ్చాక కూడా కేకలేసినట్టే మాట్లాడేవాళ్లు. కార్ఖానాలో అయితే కేకలు కూడా పనికిరావు, ఒకరి పెదవులు ఒకరు చూసుకుని మాట్లాడుకోవాల్సిందే. బాపు కోసం సద్ది తీసుకుని వెళ్లినప్పుడల్లా, గొంతు లేకుండా నోళ్లు కదుపుతూ నవ్వుకునే ఆ మనుషుల్ని గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

రాజేశం కాక బాపు ఊరివాడే, బాపు కంటే చిన్నవాడు. పదిహేనేళ్ల వయసులో సూరత్‌కు వచ్చి సాంచాల దగ్గర చేరాడు. ముప్పై దాటేసరికి చెవులు మందగించాయి. డాక్టరు ఇంకా అక్కడే ఉంటే పూర్తిగా పోతాయన్నాడు. ఎవరి కాళ్లో పట్టుకుని బార్జ్ మీద పని సంపాదించాడు. బండ్లను ఎక్కించి, ఇంచు ఇంచు జరిపి సర్దడం ఆయన పని. లింబాయత్‌లోని మా వాళ్లకు అది కలెక్టరు కొలువు కంటే ఎక్కువ. గాలి ఆడే పని, నది మీద పని, కార్లలో వచ్చే సేఠ్‌లు కూడా చెప్పినట్టు వినాల్సిన పని. ఆయన భార్య లచ్చవ్వ చిన్నమ్మ ఖాకీ చొక్కాను గంజి పెట్టి ఇస్త్రీ చేసి, సందు చివరిదాకా ఆయన వెనకే వచ్చి సాగనంపేది. నలుగురూ చూడాలనే వచ్చేది, అందులో దాపరికం ఏమీ లేదు.

ఆ కొలువులో ఆయనకు మొదటి గండం చెవులతో కాదు, నోటితో వచ్చింది. మనకు ఆగు అంటే నిలబడమని. అక్కడి డ్రైవర్లకు ఆగే అంటే ముందుకు పొమ్మని. చేరిన మొదటి వారంలోనే ఒక స్కూటరాయనను ఆగు, ఆగు అని ఆపబోతే అతను తిన్నగా వచ్చి కాక కాలి మీదే ఎక్కించాడట. కుంటుకుంటూ మా ఇంటికి వచ్చి ఆ కథ చెప్పి తానే పడీ పడీ నవ్వాడు. ఆపడానికి అక్కడ అనాల్సింది బస్. ఆ తర్వాత నెల రోజులు నిద్రలో కూడా "బస్, బస్" అనేవాడని చిన్నమ్మ చెప్పేది. మమ్మల్ని నావ ఎక్కించేటప్పుడల్లా తెలుగులో అరవద్దని వేలు చూపించి బెదిరించేవాడు.

"నావ మీద తెలుగు బందు పిల్లలూ. ఒర్రబుద్ధయితే బస్ అని ఒర్రుండ్రి. ఆగు అన్నరనుకో, అందరం తాపీల వడుతం!"

మేం నోళ్లు మూసుకుని తలలూపేవాళ్లం. తర్వాత ఒకరి చెవిలో ఒకరం "ఆగు" అని గుసగుసలాడి కిసకిసా నవ్వుకునేవాళ్లం.

అవతలి ఒడ్డున మా మేనత్త వాళ్లుండేవాళ్లు. ఏడాదికి నాలుగైదుసార్లు ఆ నావ మీద పోయేవాళ్లం. చలికాలంలో రేవు దగ్గర పోంక్ అమ్మేవాళ్లు, లేత జొన్న కంకులు నిప్పుల మీద కాల్చి దులిపిన పచ్చటి గింజలు, మీద సన్నటి సేవ్, నిమ్మరసం. బాపు మొదటిసారి నోట్లో వేసుకుని కళ్లు పెద్దవి చేసి, "గివి మన ఊసబియ్యమే గదనే!" అని అవ్వను పిలిచిన పిలుపుకు చుట్టుపక్కల వాళ్లంతా తిరిగి చూశారు. నావ కదిలాక నేను నడిమధ్య కళ్లు మూసుకుని నిలబడి, ఏ ఒడ్డు దగ్గర పడుతోందో వాసన పట్టి చెప్పే ఆట ఆడేదాన్ని. మన ఒడ్డుకు డీజిలూ చేపల వాసన, అవతలి ఒడ్డుకు ఎండుగడ్డి వాసన. ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని, ఎందుకంటే ఒక కన్ను కొంచెం తెరిచే ఉంచేదాన్ని.

ప్లేగు వచ్చిందని సగం సూరత్ ఖాళీ అయిన ఏడాది మేమూ ఊరికి పారిపోయి తిరిగొచ్చాం. ఆ మరుసటి ఏడాది నాకు తొమ్మిదేళ్లు. ఆ సద్దుల బతుకమ్మకు మేనత్త వాళ్లింటికి పోవాలనుకున్నాం. మొదటిసారి నా బతుకమ్మ నేనే పేర్చుకుంటానని పట్టుబట్టాను. కాలవ గట్టున గునుగు పూలు కోసుకొచ్చాను. రంగుల మిల్లులో పనిచేసే పక్కింటాయన పొట్లం కట్టి తెచ్చిన చీరల రంగులో వాటిని ముంచితే నా చేతులు మోచేతుల దాకా గులాబీరంగు పట్టి పదిరోజులు వదల్లేదు. ఒక వరుస గునుగు, ఒక వరుస బంతి, పైన గుమ్మడి పువ్వు, దానిమీద పసుపు గౌరమ్మ. కొంచెం ఒక పక్కకు వంగింది కానీ నా కంటికి అంతకంటే అందమైనది సూరత్‌లోనే లేదు. అవ్వ పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది, బెల్లంతో మలీద ముద్దలు గిన్నెల్లో సర్దింది. బాపుకు ఆ రోజు కార్ఖానా సెలవు దొరకలేదు. అవ్వా నేనూ బయలుదేరాం.

భర్తీ వేళకు రేవు కిటకిటలాడుతోంది. బండ్లు ఎక్కాకే మనుషులు ఎక్కాలన్నది అక్కడి నియమం. నేను మాత్రం మా కాక ఉన్నాడన్న ధీమాతో అవ్వ చెయ్యి విడిపించుకుని ముందే నావ మీదికి ఉరికాను. కాక కసురుకోబోయి, నా చేతిలోని బతుకమ్మను చూసి నవ్వి, పక్కకు పోయి నిలబడమని సైగ చేశాడు. మోసి మోసి చేతులు లాగుతుంటే తాంబాళాన్ని ఇనుప నేల మీద నడిమధ్య దించి, అప్పటికే ఎక్కిన జీపు చాటున రెయిలింగ్ పట్టుకుని నీళ్లు చూస్తూ నిలబడ్డాను. చీరల మూటలు నింపిన మెటాడోర్ ఒకటి ఎక్కుతోంది. "ఆవాదే, ఆవాదే" అంటూ గుజరాతీలో రానీ రానీ అని డ్రైవరును పిలుస్తూ కాక దాని పక్కనే వెనక్కి నడుస్తున్నాడు. ఆయన వీపు వెనకాల నా బతుకమ్మ ఉంది. నది వైపు తలుపు కొన్ని రోజులుగా సగమే లేస్తోంది, అడ్డంగా ఒక గొలుసు కట్టారు.

కాక చెయ్యెత్తి "బస్" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. ఇది ఇప్పుడు ఎంత స్పష్టంగా రాస్తున్నానో అప్పుడు అంత స్పష్టంగా విన్నాను. బండి ఆగబోతోంది. కానీ ముందు చక్రం ఇంకా దొర్లుతోంది, నా పూలకు రెండు మూరల దూరంలో ఉంది. ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఆగు! ఆగు! ఆగు!"

మెటాడోర్ గుర్రుమని ముందుకు దూకింది. గులాబీ గునుగూ బంతులూ చక్రం కింద నుజ్జయ్యాయి, తాంబాళం ఎగిరి నాకెదురుగా వచ్చి పడింది, గొలుసు తెగింది, బండి ముక్కు కిందికి వంగి ఒక్క క్షణం వేలాడి నీళ్లలోకి జారిపోయింది. జనమంతా కేకలు వేస్తుంటే అందరికంటే ముందు నీళ్లలో దూకింది రాజేశం కాకే. డ్రైవరును కిటికీలోంచి లాగి, జుట్టు పట్టుకుని గట్టుకు తెచ్చాడు. అతనికి భుజం ఎముక విరిగింది, ప్రాణం మిగిలింది. చీరల మూటలు విడిపోయి నది పొడుగునా తేలిపోయాయి. రెండు ఒడ్ల జనమూ వెదురుకర్రలతో లాక్కున్నారు. తర్వాత ఏడాది పాటు ఇటు చూసినా అటు చూసినా ఆడవాళ్లు అదే నీలిపూల చీర కట్టేవాళ్లు.

బార్జ్ నడిపే ఠేకేదారు వచ్చాడు. తప్పు ఎవరిదని అడిగితే డ్రైవరు భుజం పట్టుకుని మూలుగుతూనే కాకను చూపించాడు. "ఇసీనే ఆగే ఆగే బోలా!" ఆగే అన్నాడని తామూ విన్నామని స్కూటర్ల వాళ్లు ముగ్గురు సాక్ష్యం చెప్పారు. ఇంజన్ల మోతలో మాట చేరింది కానీ గొంతు ఎవరిదో వాళ్లు పోల్చుకోలేదు, జీపు చాటున నేను ఎవరికీ కనబడలేదు. సగం లేచిన తలుపు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. కాక ఒంటి మీంచి నీళ్లు కారుతున్నాయి. "నేను బస్ అన్న సాబ్" అని హిందీలో రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పబోయి ఆగిపోయాడు. ఇంతమంది విన్నారు, తన చెవులేమో తనకు నమ్మకం లేనివి. అవ్వ వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"పండుగ పూట గదా వదినా. నోట్లెకెళ్లి మనదే వచ్చిందేమో."

నేను అవ్వ కొంగు వెనక ఉన్నాను. చెప్పడానికి రెండే మాటలు కావాలి, నేను అన్నాను అని. ఏడుపు మాత్రం వచ్చింది. ఆ స్థితిలో కూడా కాక నా దగ్గరికి వచ్చి తడిచేతితో తల నిమిరి, "ఊకో బిడ్డా, ఇంకోటి పేర్చుకుందువు తియ్యి" అన్నాడు. నేను పూల కోసం ఏడుస్తున్నానని ఆయన అనుకున్నాడు. ఇంటికి వచ్చే దారిలో అవ్వ ఒకే ఒక్కసారి అడిగింది.

"నువ్వు గిట్ల ఒర్రినవానే?"

"లే" అన్నాను. నా జన్మలో అంత చిన్న అబద్ధం ఇంకొకటి ఆడలేదు, అంత నీచమైనదీ ఆడలేదు.

కాక కొలువు పోయింది. తాగి ఉన్నాడన్న మాట కూడా ఎవరో కలిపారు. ఏ సాంచాలు చెవులు తింటాయని వదిలాడో మళ్లీ ఆ సాంచాల దగ్గరికే పోయాడు. లింబాయత్ పిల్లలు ఆయనకు ఆగు కాక అని పేరు పెట్టారు, దానిమీద ఒక ఆట కూడా పుట్టించారు. ఒకరు ఆగు అంటే అందరూ ఉరకాలి, ఆగే అంటే రాయిలా నిలబడాలి, తప్పినవాడు నీళ్లలో పడ్డట్టు. ఆ ఆట లచ్చవ్వ చిన్నమ్మ గుమ్మం ముందే బాగా సాగేది, ఎందుకంటే సందు అక్కడే కొంచెం వెడల్పు. నేను కూడా ఆడాను. ఆడటమేమిటి, అందులో నన్ను ఓడించినవాళ్లు లేరు. చిన్నమ్మ ఒకసారి తలుపు తెరిచి మమ్మల్ని చూసి, మళ్లీ వేసుకుంది. ఆ ఏడాది నుంచి ఆమె మా ఆడవాళ్లతో బతుకమ్మ ఆడటానికి రాలేదు. చప్పట్లు కొడుతూ తిరిగే ఆ వరుసలో ఎవరో ఆగు అని నవ్వారట. రెండేళ్లకు వాళ్లు ఇల్లు ఖాళీ చేసి జోల్వాకు, అక్కడి కొత్త కార్ఖానాలకు వెళ్లిపోయారు. పోయేముందు కాక మా ఇంటికి వచ్చి నాకు రిబ్బన్లు ఇచ్చాడు. అవి ఎప్పుడూ పెట్టుకోలేదు.

తర్వాత నది మీద వంతెన కట్టారు. బార్జ్ కొన్నాళ్లు రేవులో తుప్పు పట్టి, ముక్కలుగా కోయించుకుని లారీలెక్కింది. నేను చదువుకుని, ఉద్యోగంలో చేరి, హిందీలో పిల్లల్ని పెంచి, అన్నీ మరిచిపోయినట్టే బతికాను. మొన్న ఆ గుంపులో ఒకాయన పుస్తకానికి అన్నిటికంటే తమాషా సంగతి ఇదీ అని ఆ రోజు కథ రాశాడు. ఎవరో తెలుగువాడట, పొద్దున్నే తాగి ఉన్నాడట, ఆపడానికి తన భాషలో ఆగు అన్నాడట, మెటాడోర్ నదిలోకి పోయిందట. కింద వరసగా నవ్వే బొమ్మలు. నవ్వకపోతే ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని నేను కూడా ఒక నవ్వే బొమ్మ పెట్టాను. పెట్టాక ఫోన్ బోర్లించి స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల భయపడిందని ఇన్నాళ్లూ నాకు నేను సర్ది చెప్పుకున్నాను. మరి ఇప్పుడు నలభై దగ్గరపడ్డ మనిషి చేసిందేమిటి?

ఆ ఆదివారం జోల్వా వెళ్లాను. కార్ఖానా వెనక రేకుల ఇల్లు, గుమ్మంలో నులక మంచం, దానిమీద కాక. ఒక్క చప్పుడూ వినబడదని కోడలు ముందే చెప్పింది. నన్ను గుర్తుపట్టి బిడ్డా అని నవ్వాడు. బాపు పోయిన సంగతి తెలిసిందన్నాడు. ఎదురుగా కూర్చున్నాను. ఆయన చూపు నా పెదవుల మీద నిలిచింది, కార్ఖానాలో వాళ్లందరూ చూసినట్టే.

"కాకా, ఆ రోజు నావ మీద ఆగు అన్నది నువ్వు కాదు. నేను."

అర్థం కానట్టు చూశాడు. నా వేలు నా రొమ్ము మీద పెట్టి మళ్లీ చెప్పాను. నా పూల కోసం అరిచాను, అవ్వ అడిగితే అబద్ధమాడాను, అన్నీ చెప్పాను. ఆయన కళ్లు నా నోటి మీంచి కదల్లేదు.

"మరి నేనేమన్న?" అని అడిగాడు, గొంతు పెద్దగా.

"బస్ అన్నవు. నేను విన్న."

"బస్ అనే అన్ననా?"

తలూపాను. ఆయన మంచం పట్టెను అరచేత్తో కొట్టి లేచి నిలబడ్డాడు. "ఇగో, ఇన్నవా! నేను బస్ అనే అన్ననట! నా నోరు మంచిదేనట!" అని కోడలికి చెప్పాడు, దారిన పోయేవాడిని ఆపి చెప్పాడు. ఎందుకు దాచావని నన్ను అడగలేదు. తిడతాడనుకుని వచ్చాను, తిడితే బాగుండేది. అంత సంతోషాన్ని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. తలొంచుకుని ఫోన్ తీసి, అక్కడే ఆ గుంపులో ఆయన పేరుతో సహా జరిగింది జరిగినట్టు రాశాను. తల ఎత్తేసరికి కాక లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"లచ్చవ్వా" అని పిలిచాడు.

కోడలు నా వైపు చూసి కళ్లు దించుకుంది. కాక కాసేపు ఆ గుమ్మం పట్టుకుని నిలబడి, తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఈసారి ఆయన గొంతు మామూలుగానే ఉంది.

"నిరుడు పోయింది మీ చిన్నమ్మ. నేను అనలేదే అంటే నమ్మకపోయేది. గామె ఉన్నప్పుడు వస్తివైతే మంచిగుండేది, బిడ్డా."